కింద లీగ్‌కి పడిపోయిన క్లబ్బుకి నష్టాల లిమిట్ ఎందుకు తగ్గిస్తారు? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

కావలి కుర్రోడు

నేను 2016 నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లెస్టర్ సిటీ ఫ్యాన్‌ని. నిజం చెప్పాలంటే ఆ ఏడాది వాళ్లు ప్రీమియర్ లీగ్, అంటే అక్కడి అన్నిటికంటే పై లీగ్, కొట్టారని పేపర్లో చదివి ఎక్కిన బండి, ఇంతవరకు దిగలేదు. సీజన్ మొదట్లో వాళ్ల మీద పందెం కాస్తే ఒకటికి 5000 ఇస్తామన్నారంట, అట్టాంటి టీమ్. 2021లో ఎఫ్ఏ కప్ కూడా కొట్టారు. తర్వాత 2023లో కింద లీగ్‌కి పోయారు, 2024లో పైకొచ్చారు, 2025లో మళ్లీ కిందికి. శనివారం రాత్రి నేను ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కితే మా అమ్మ "ఈ వారం మీవాళ్లు పైనా కిందా" అని అడుగుతుంది.

అసలు విషయం. ఇంగ్లండ్‌లో క్లబ్బులు ఎంత నష్టపోవచ్చో ఒక రూల్ ఉంది కదా, పీఎస్ఆర్ అంటారు. మూడేళ్లు కలిపి 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టం రావచ్చు, అది దాటితే పాయింట్లు కోస్తారు. అంటే ప్రీమియర్ లీగ్‌లో ఉన్న ఒక్కో సీజన్‌కి 3.5 కోట్లు. సరే, బాగానే ఉంది. కానీ కింద ఛాంపియన్‌షిప్‌లో ఆడిన సీజన్‌కి 1.3 కోట్లే అంట! నాకు ఇక్కడే బుర్ర పని చెయ్యడంలేదు. కిందపడ్డవాడికి టీవీ డబ్బులు పోతాయి, స్పాన్సర్లు తగ్గిస్తారు, ఎక్కువ నష్టం వచ్చేది అప్పుడే కదా. అప్పుడు లిమిట్ పెంచాల్సింది పోయి సగం కంటే తక్కువకి కోస్తారా? కాలు విరిగినవాడి చేతిలో కర్ర కూడా లాక్కున్నట్టు లేదూ?

ఇంకోటి, ఓనరు దగ్గర డబ్బుంది, పెడతానంటున్నాడు. వాడి డబ్బు వాడిష్టం. మధ్యలో లీగ్ వాళ్లకేంటి నొప్పి? పైగా 2024లో లెస్టర్ మీద ప్రీమియర్ లీగ్ కేసు పెడితే లెస్టరే గెలిచింది. అదెట్టా గెలిచారో ఎక్కడ చదివినా నాకు అర్థం కాలేదు, లాయర్ భాష. కొంచెం మన భాషలో చెప్పండి.

మూలాపేట మిడ్‌ఫీల్డర్

కాలు విరగలేదు బ్రో, వాళ్లే విరగ్గొట్టుకున్నారు. నేను అప్పుడే చెప్పా, ఆడని ప్లేయర్లకి అన్నన్ని జీతాలు ఇస్తే ఇంతే సంగతులు అని. ఎవరూ వినలా. లెస్టర్ వాళ్లు నెల్లూరు వచ్చి నన్ను అడగలేదనుకోండి, అది వేరే విషయం.

ఒంగోలు లెడ్జర్

తమ్ముడూ, నేను ఒంగోల్లో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. పగలంతా చీమకుర్తి గ్రానైట్ వాళ్ల లెక్కలు, బట్టల షాపుల జీఎస్టీ. రాత్రి సరదాకి ఇవి చదువుతుంటా, మా ఆవిడ దృష్టిలో ఇదొక జబ్బు.

ముందు ఆ లిమిట్ అనే మాట దగ్గరే పొరపాటు జరుగుతోంది. అది "నీకు ఇంత నష్టం వస్తుంది, పర్వాలేదు" అని ఇచ్చే సాయం కాదు. "నీ గుంతని ఓనరు ఎంతవరకు పూడ్చొచ్చు" అని గీసిన గీత. ఆ 10.5 కోట్లలో కూడా క్లబ్బు తనంతట తాను చూపించగలిగే నష్టం మూడేళ్లకి 1.5 కోట్లే. మిగతా 9 కోట్లు ఓనరు గట్టిగా హామీ ఇవ్వాలి, అదీ అప్పుగా కాదు, వాటా మూలధనంగా పెట్టాలి. అప్పుగా ఇస్తే రేపు వాడు వెళ్లిపోయేటప్పుడు క్లబ్బు నెత్తిన వడ్డీతో సహా కూర్చుంటుంది కదా, అందుకు. ఛాంపియన్‌షిప్‌లో మూడేళ్లకి 3.9 కోట్లు, అందులోనూ ఇదే పద్ధతి. అక్కడ క్లబ్బుల ఆదాయమే చిన్నది, దానికి తగ్గట్టు గుంత కూడా చిన్నదిగా ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం.

ఇక పడిపోయినవాళ్ల సంగతి. ఒక్కసారిగా 10.5 నుంచి 3.9కి దించరు. ఏ సీజన్ ఎక్కడ ఆడితే ఆ సీజన్‌కి ఆ అంకె. రెండు సీజన్లు పైన, ఒకటి కింద అయితే 3.5, 3.5, 1.3 కలిపి 8.3 కోట్లు. తిరగేసి చూడు, రెండేళ్లు కింద ఆడి అప్పుడే పైకొచ్చినవాడికి 6.1 కోట్లే. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చిక్కుకుంది ఇక్కడే. 2022లో పైకొచ్చి సంతలో పడ్డట్టు ప్లేయర్లని కొన్నారు, 6.1 లిమిట్‌ని ఇంకో 3.45 కోట్లు దాటారు, 2024 మార్చిలో 4 పాయింట్లు పోయాయి. కాబట్టి ఈ రూల్ పడినవాడికంటే ఎక్కినవాడిని ఎక్కువ బిగిస్తుంది. నీ కోపం కొంచెం అటు కూడా పంచు.

పైగా కిందపడినవాడికి పారాచూట్ డబ్బులు అని వస్తాయి. ప్రీమియర్ లీగ్‌లో అందరికీ సమానంగా పంచే టీవీ వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. పైన ఒక్క సీజనే ఉండి పడిపోతే ఆ మూడోది ఉండదు. దీని మీద కింద లీగ్ వాళ్లకి మంట, ఎందుకంటే పక్కవాడికి ఆ డబ్బు రాదు. నార్విచ్ 2019లో ఎక్కి, 2020లో దిగి, 2021లో ఎక్కి, 2022లో దిగింది. బర్న్‌లీ 2022, 2023, 2024, 2025 నాలుగేళ్లూ వరసగా దిగడం ఎక్కడమే. పల్లె వెలుగు బస్సుకి పాసు తీసుకున్నట్టు.

ఇప్పుడు లెస్టర్. ఇది కొంచెం గుచ్చుకుంటుంది, ఓర్చుకో. 2021-22లో వాళ్ల నష్టం దాదాపు 9 కోట్ల పౌండ్లు. ఎనిమిదో స్థానంలో వచ్చిన ఏడాది అది! 2022-23లో మళ్లీ దాదాపు అంతే. ఆ రెండో ఏడాది జీతాలే 20 కోట్లు దాటాయి, మొత్తం ఆదాయం చూస్తే 18 కోట్ల లోపు. రూపాయి వస్తే జీతాలకే రూపాయి పైన పోతోంది, ఇంకా కరెంటు బిల్లు కట్టలేదు, ప్లేయర్లని కొన్న బాకీ తీర్చలేదు. ఇదంతా పైన ఉన్నప్పటి లెక్కే. అంటే కిందపడ్డందుకు నష్టం రాలేదు, నష్టపోతూనే కిందపడ్డారు. కిందపడ్డాక వచ్చింది వేరే బాధ, ఆ పాత సంతకాలు ఇంకా నడుస్తూ ఉండటం.

కేసు ఎట్టా గెలిచారంటావా, ఇది వింటే మా సార్ కూడా కాసేపు నవ్వుతూ కూర్చున్నారు. క్లబ్బు లెక్కల ఏడాది 2023 జూన్ 30తో ముగిసింది. కానీ పడిపోయిన క్లబ్బు ప్రీమియర్ లీగ్‌లో తన షేరుని, అంటే సభ్యత్వం వాటాని, పైకొచ్చినవాళ్లకి అప్పగించాలి, ఆ పని జూన్ మధ్యలోనే అయిపోయింది. లెక్క ముగిసిన రోజుకి లెస్టర్ ఆ లీగ్‌లో సభ్యుడే కాదు. మరి సభ్యుడు కానివాడు లిమిట్ దాటాడని వీళ్లు ఎట్టా కేసు పెడతారు? అప్పీల్ బోర్డు 2024 సెప్టెంబర్‌లో ఆ ముక్కే చెప్పింది, రూల్ రాసిన తీరు ప్రకారం మీకు అధికారం లేదు అని. లిమిట్ దాటలేదని మాత్రం చెప్పలేదు, గుర్తుపెట్టుకో. దాదాపు 2.4 కోట్లు దాటారన్నది లీగ్ వాదన. పంచాయతీ సరిహద్దు అవతల నిలబడి ఇవతల సర్పంచిని వెక్కిరించినట్టు అయింది.

కావలి కుర్రోడు

అన్నా, దండం. రెండుసార్లు చదివా. గుచ్చుకుంది గానీ అర్థమైంది.

ఒక్క డౌట్. అంత భారం అయితే పడిపోగానే నలుగురు పెద్ద ప్లేయర్లని అమ్మేస్తే సరిపోదా? జీతం తగ్గుద్ది, డబ్బులొస్తాయి, నష్టం పూడుతుంది. అంత సింపుల్ అయితే అందరూ ఎందుకు కష్టపడుతున్నారు?

ఒంగోలు లెడ్జర్

చేతికి డబ్బులొస్తాయి తమ్ముడూ, పుస్తకంలో నష్టం రావచ్చు. రెండూ వేరు.

ఒక ప్లేయర్‌ని 3 కోట్ల పౌండ్లు పెట్టి అయిదేళ్ల కాంట్రాక్టుకి తెచ్చావనుకో. ఆ 3 కోట్లు ఒకేసారి ఖర్చు రాయరు, అయిదేళ్లకి పంచి ఏడాదికి 60 లక్షలు రాస్తారు. రెండేళ్లు ఆడాడు, టీమ్ కిందపడింది. పుస్తకంలో అతని విలువ ఇంకా 1.8 కోట్లు ఉంటుంది. నువ్వు తొందరలో ఉన్నావని ఊరందరికీ తెలుసు కాబట్టి కొనేవాడు కోటిన్నర కంటే ఇవ్వనంటాడు. అమ్మావా, చేతికి కోటిన్నర వస్తుంది, పుస్తకంలో 30 లక్షలు నష్టం రాయాలి. పీఎస్ఆర్ చూసేది ఈ పుస్తకాన్నే. అయితే అతని జీతం తప్పుతుంది, వచ్చే ఏళ్లకి మిగిలిన ఆ 60 లక్షలూ తప్పుతాయి, ఆ లాభం నిజమే. కానీ ఈ ఏడాది గండం ఈ ఏడాదే గడవాలి.

మరి పుస్తకంలో విలువ సున్నా ఉన్నవాడెవడు? అకాడమీలో, అంటే క్లబ్బు సొంత శిక్షణ స్కూల్లో, పెరిగిన పిల్లాడు. వాడిని కొనలేదు కాబట్టి వచ్చిందంతా లాభమే. అందుకే చూడు, కష్టమొస్తే ముందు అమ్మేది ఊళ్లో పుట్టి పెరిగినవాడిని. స్టేడియంలో జనం గొంతు చించుకుని అరిచేది వాడి పేరే, లెక్కల్లో ముందు కనిపించేదీ వాడే. నాకు ఈ రూల్‌లో నిజంగా నచ్చనిది ఇదొక్కటే.

దీనికి తేదీల తంటా ఒకటి. లెస్టర్ క్లబ్బు తన ప్లేయర్ మాడిసన్‌ని టాటెన్‌హామ్ క్లబ్బుకి 2023 జూన్ 28న అమ్మింది, గడువుకి రెండు రోజుల ముందు. హార్వీ బార్న్స్ లెస్టర్ అకాడమీ కుర్రాడు, అతన్ని న్యూకాసిల్‌కి అమ్మింది జూలైలో, ఆ లాభం తర్వాతి ఏడాదికి పోయింది. ఫారెస్ట్ కథ ఇంకా తమాషా. బ్రెనన్ జాన్సన్ కూడా వాళ్ల సొంత కుర్రాడే. జూన్ లోపు అమ్మితే తక్కువ వస్తుందని ఆగారు, సెప్టెంబర్ 1న 4.75 కోట్లకి అమ్మారు. మంచి రేటు కోసమే ఆగాం, అది తెలివైన పనే కదా అని కమిషన్ ముందు వాదించారు. కుదరదన్నారు. వ్యాపారంగా చూస్తే రైటు, రూల్ ప్రకారం తప్పు. మార్చి 31 రాత్రి మా ఆఫీసులో జరిగేదీ ఇదే, బిల్లు ఏ తేదీన వెయ్యాలన్న గొడవ.

చెరువు గట్టు

మాది విడవలూరు వైపు. నాన్న రొయ్యల చెరువులు, నేను రాత్రిళ్లు కాపలాకి పోయి గట్టు మీద మంచం వేసుకుని ఫుట్‌బాల్ చూసే బ్యాచ్. ఏరేటర్ల చప్పుడులో కామెంటరీ వినపడదు, అది వేరే బాధ.

లెడ్జర్ అన్నా, మీ లెక్క మీద నాకు మాటలేదు. కానీ పాత సంతకాలు ఇంకా నడుస్తాయి అని ఒక్క లైన్లో దాటేశారు చూడండి, అసలు కథంతా అక్కడే ఉంది. మా ఇంటి సంగతే చెప్తా. ఒక ఏడాది రొయ్య రేటు బాగుంది, 40 కౌంట్ రొయ్యకి, అంటే కిలోకి 40 తూగే సైజుకి, మంచి డబ్బులొచ్చాయి. నాన్న ఉషారుగా పక్కనే ఇంకో అయిదెకరాలు మూడేళ్లకి లీజుకి పట్టాడు, ఆ మంచి ఏడాది రేటు మీద. మరుసటి ఏడాది వైట్ స్పాట్ జబ్బు వచ్చి ముందే పట్టుబడి పట్టేశాం, అంటే 40 దాకా పెరగాల్సింది 90 కౌంట్‌లోనే అమ్మేశాం. ఆ పొద్దు నాకింకా గుర్తు. ట్రేల్లో చచ్చిన రొయ్యలు, ఐసు లారీ, ఏజెంటు కాలిక్యులేటర్ కొట్టి స్క్రీన్ నాన్నకి చూపించాడు, నాన్న ఏం మాట్లాడకుండా తలూపాడు. చెరువు ఎండగట్టాం. మేత ఖర్చు ఆగింది, కరెంటు తగ్గింది, కూలీలు తగ్గారు. లీజు మాత్రం ఆగలా. ఇంకో రెండేళ్లు కట్టాం, నీళ్లు లేని చెరువుకి.

రెలిగేషన్, అంటే కింద లీగ్‌కి పడిపోవడం, అంటే అదే. ఆదాయం ఒక్క మే నెలలో పడిపోద్ది, కాంట్రాక్టులు మూడు నాలుగేళ్లు నడుస్తాయి. తెలివైన క్లబ్బు ముందే కాంట్రాక్టులో రాయించుకుంటుంది, కిందపడితే జీతం ఇంత తగ్గుతుంది అని. కానీ పైన ఆరో ఏడో స్థానంలో ఉన్నవాడు ఆ మాట ఎత్తితే ప్లేయర్ ఏజెంటు ఏమంటాడు, "మీరే పడిపోతామనుకుంటుంటే మావాడు మీ దగ్గరికి ఎందుకు రావాలి" అంటాడు. మంచి ఏడాదిలో చెడ్డ ఏడాది గురించి కాగితం రాయించడం ఎవరికీ నోరు రాదు. నాన్నకీ రాలేదు.

రూల్ మీద నా కంప్లైంట్ వేరే. అది వెనక్కి తిరిగి చూస్తుంది. ఖర్చు ఎప్పుడో, లెక్క తర్వాతెప్పుడో, శిక్ష ఇంకెప్పుడో. ఎవర్టన్‌కి 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోశారు, ఫిబ్రవరిలో అప్పీల్ మీద 6 చేశారు, ఏప్రిల్‌లో ఇంకో ఏడాది లెక్కకి మళ్లీ 2 కోశారు. ఒకే సీజన్‌లో ఇదంతా. టేబుల్ చూస్తే ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో జడ్జిని అడగాల్సిన పరిస్థితి. స్పెయిన్ పద్ధతి మేలు నన్నడిగితే. అక్కడ సీజన్ ముందే నీ జట్టు ఖర్చు ఇంత అని లిమిట్ ఇస్తారు, దాటితే ప్లేయర్‌ని రిజిస్టరే చెయ్యరు. 2021లో మెస్సీ అంతటివాడు బార్సిలోనా వదిలి ఏడుస్తూ పోయింది అందుకే కదా. నొప్పి ముందే తెలుస్తుంది. సీడ్ వెయ్యక ముందే నీ చెరువుకి ఇంత చాలు అని చెప్పేవాడు కావాలి, పట్టుబడి అయ్యాక వచ్చి జరిమానా రాసేవాడు కాదు.

ఓనరు డబ్బు ఓనరిష్టం అన్న కావలి తమ్ముడి మాటకి మాత్రం నా ఓటు సగమే. సగం ఎందుకంటే మా నాన్న డబ్బు కూడా నాన్నదే, కానీ మేత డీలరు డబ్బు నాన్నది కాదు.

టంగుటూరు బ్యారన్

పిల్లలు బాగా రాస్తున్నారు. నాకు యాభై ఎనిమిది, ఈ పీఎస్ఆర్ అవీ మావాడు చెప్తే విన్నవే, కానీ మేత డీలరు డబ్బు అన్న మాట దగ్గర నేనూ ఒకటి చెప్పాలి.

మాది పొగాకు. పొగాకు బోర్డు వాళ్లు బ్యారన్‌కి, అంటే ఆకు కాల్చే కొట్టానికి, ఇంత అని పంట పరిమాణం ఇస్తారు, దానికంటే ఎక్కువ తెస్తే అమ్మకం మీద జరిమానా ఉంటుంది. కుర్రప్పుడు నేనూ ఈ కావలి అబ్బాయిలాగే అరిచేవాణ్ణి, నా పొలం, నా చెమట, మధ్యలో బోర్డేంది అని. తర్వాత తెలిసొచ్చింది. ఒక ఏడాది వేలంలో రేటు పలికిందంటే చాలు, మరుసటి ఏడాది బ్యారన్ కౌళ్లు ఆకాశానికి పోతాయి, పొలం కౌళ్లూ అంతే, ఎవడికి వాడు ఈ ఏడాదీ అదే రేటు అనుకుని పాడుకుంటాడు. అందరూ ఎక్కువ వేస్తారు. తీరా వేలం ఫ్లోర్ మీదికి బేళ్లు తీసుకెళ్తే నోబిడ్, అంటే పాడేవాడే లేడు. ఆ చీటీ పడిన బేలు పక్కన రైతు నిలబడి ఉంటాడు చూడండి, బేలుకి ఏదో జ్వరం వచ్చినట్టు దాని మీద చెయ్యేసి. అట్టాంటి రోజు నేనొక్కడినే నష్టపోను. చెట్టు కొట్టి కట్టెలు తోలినవాడు, ఆకు గుచ్చిన ఆడవాళ్లు, ఎరువుల కొట్టు, అందరికీ నా మీద బాకీ ఉంటుంది.

క్లబ్బులూ అంతే. పోర్ట్స్‌మత్ అని మావాడు చెప్పాడు, తర్వాత నేనూ చూశాను. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచారు. పెద్ద జీతాలు, పెద్ద పేర్లు. 2010 ఫిబ్రవరికి దివాలా పాలన కిందికి పోయారు, ప్రీమియర్ లీగ్‌లో ఉండగా అట్టా పోయిన మొదటి క్లబ్బు అదే, 9 పాయింట్లు కోశారు, ఆ సీజనే పడిపోయారు. 2013కల్లా నాలుగో అంచె లీగ్‌కి చేరారు. వాళ్ల రూల్ ప్రకారం ప్లేయర్లకీ మిగతా క్లబ్బులకీ ఉన్న బాకీ ముందు పూర్తిగా తీర్చాలి. మిగిలినదాంట్లోనే ఊళ్లో కొట్లవాళ్లకి. మ్యాచ్ రోజు ప్రథమ చికిత్స చేసే స్వచ్ఛంద సంస్థ ఉంటుంది, వాళ్లకి కూడా బాకీ పెట్టారు. లక్షలు తీసుకున్న సెంటర్ ఫార్వర్డ్‌కి రూపాయికి రూపాయి, కట్టు కట్టినవాళ్లకి పైసలు.

చివరికి 2013లో ఆ క్లబ్బుని కొన్నది ఎవరో తెలుసా, అభిమానులే, తలా కొంత చందా వేసుకుని. ఓనరు డబ్బు ఓనరిష్టం అంటే వినడానికి బాగుంటుంది నాయనా, ఓనరు పోయాక మిగిలేది మీరే.

మూలాపేట మిడ్‌ఫీల్డర్

బాబాయ్ మాటతో నా జోకులు మూసేశా.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, కప్పు కొట్టారు. నేను ఆ రాత్రి వీఆర్సీ గ్రౌండ్ సెంటర్లో ఒక్కడినే బండి హారన్ కొట్టుకుంటూ తిరిగా, జనం పిచ్చోడిని చూసినట్టు చూశారు. ఏడాదిన్నర తిరగలేదు, జీతాల బకాయిలు, ప్లేయర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, టీమ్ అట్టడుగుకి పోయింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుని. ఐఎస్ఎల్‌లో అప్పటికి రెలిగేషన్ లేదు కాబట్టి కింద లీగ్‌కి పడలేదు, ఏకంగా ఊరే దాటేసింది. పడిపోయినా ఫర్వాలేదు, లెస్టర్ ఇంకా లెస్టర్‌లోనే ఉంది బ్రో. దానికి సంతోషించు.

ఒంగోలు లెడ్జర్

బ్యారన్ గారూ, ఆ బేలు మీద చెయ్యేసిన సంగతి మా నాన్న గుర్తొచ్చారు. మాదీ కొండపి వైపు, ఒకప్పుడు పొగాకే.

చెరువు గట్టు తమ్ముడికి ఒక వార్త. నువ్వన్న ముందే చెప్పే పద్ధతికి ప్రీమియర్ లీగ్ కొంచెం దగ్గరికి వచ్చింది. 2025 నవంబర్‌లో క్లబ్బులు ఓటేసి, 2026-27 నుంచి ఈ మూడేళ్ల నష్టాల లెక్క బదులు జట్టు ఖర్చు నిష్పత్తి పెట్టాలని తీర్మానించాయి. అంటే జీతాలు, ప్లేయర్ల కొనుగోలు ఖర్చులో ఆ ఏడాది వాటా, ఏజెంట్ల ఫీజులు కలిపి, ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతం దాటకూడదు. యూరప్ పోటీల్లో ఆడేవాళ్లకి అక్కడి ఫుట్‌బాల్ సంఘం యుయెఫా పెట్టింది 70 శాతం. హోటళ్లు, స్టేడియాలు తన ఇంకో కంపెనీకే అమ్మి నష్టం పూడ్చే ఆటలు దీంతో చాలావరకు పనికిరావు. ఆ ఆట ఎంత దూరం పోయిందంటే, డెర్బీ కౌంటీ తన స్టేడియాన్ని తన ఓనరుకే అమ్మి లాభం చూపించింది. తర్వాత డబ్బులు అయిపోయాయి, 2021-22లో దివాలా పాలనకి 12, లెక్కల తప్పులకి 9, మొత్తం 21 పాయింట్లు పోయి మూడో అంచెకి పడింది.

కానీ నిష్పత్తి వచ్చినా నీ లీజు సమస్య తీరదు. ఆదాయం పడిపోతే 85 శాతం అనే గీత కూడా దాంతోపాటే పడుతుంది. సంతకాలు పడవు.

ఇంకో మాట, జాగ్రత్తగా ఉన్నవాడు బాగుపడతాడని కూడా అనుకోవద్దు. లూటన్ టౌన్ చూడండి. వాళ్ల స్టేడియంలోకి అవతలి టీమ్ జనం వెళ్లాలంటే వరసగా ఉన్న ఇళ్ల మధ్యలోంచి దారి, పక్కన పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. అట్టాంటి క్లబ్బు 2023లో ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది, మిగతావాళ్లతో పోలిస్తే చేతులు దగ్గర పెట్టుకునే ఖర్చుపెట్టింది. 2024లో పడింది. పారాచూట్ డబ్బులు చేతిలో ఉండి కూడా 2025లో మళ్లీ పడి మూడో అంచెకి పోయింది. ఆ రెండేళ్లూ పైకొచ్చిన మూడు క్లబ్బులూ వెంటనే దిగిపోయాయి, 2024లో లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, 2025లో లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్. ఖర్చుపెట్టినా పడ్డారు, పెట్టకపోయినా పడ్డారు. తేడా ఏంటంటే లూటన్ వాళ్లు పడ్డాక నెలనెలా జీతాల దగ్గర నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

కావలి కుర్రోడు

అందరికీ థ్యాంక్స్. నేనేదో అన్యాయం జరిగిందని అరుద్దామని వచ్చా, ఇప్పుడు ఎవరి మీద అరవాలో తెలీడంలేదు.

లిమిట్ తగ్గించడం మీద నా కోపం పోయింది. జాన్సన్, బార్న్స్ లాంటి సొంత పిల్లల్నే ముందు అమ్ముకోవాల్సి రావడం మీద మాత్రం పోలేదు, అది ఉంచుకుంటా. లెస్టర్ లెక్కలు ఇంగ్లండ్ కంపెనీల రిజిస్టర్ సైట్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చంట, లెడ్జర్ అన్న పర్సనల్‌గా మెసేజ్ పెట్టి చెప్పాడు. నిన్న రాత్రి తెరిచా. జీతాల పేజీ దాకా వెళ్లి మూసేశా, రేపు డ్యూటీ ఉంది.

చెరువు గట్టు అన్నా, ఇంతకీ ఆ అయిదెకరాల లీజు ఏమైంది?

చెరువు గట్టు

అయిపోయింది తమ్ముడూ, పోయిన మార్చికి. ఇప్పుడు అదే చెరువు మళ్లీ అడుగుతున్నారు నాన్నని, అమెరికా సుంకాల దెబ్బకి ఎవరూ పట్టడంలేదని. నాన్న ఊగుతున్నాడు. నేను ఈ చర్చ చదివిన ఊపులో, ఈసారి కాగితంలో ఒక లైను రాయించు, రొయ్య రేటు ఇంతకి పడితే లీజు ఇంత తగ్గుద్ది అని, అన్నా. నాన్న పోయి చెరువు ఓనర్ని నిజంగానే అడిగాడు.

టంగుటూరు బ్యారన్

ఏమన్నాడు?

చెరువు గట్టు

ముందు నవ్వాడంట. తర్వాత, రేటు పెరిగితే లీజు పెంచుతావా మరి అని అడిగాడంట. నాన్న ఇంటికొచ్చి అప్పట్నుంచి క్యాలెండర్ వెనక లెక్కలేస్తున్నాడు.